ఒడిశా సరిహద్దులో ఉద్యోగ దారి తేల్చుకోవడం ఎలా: మొదటి 90 రోజుల మార్గదర్శి

"ప్లస్ త్రీ (డిగ్రీ) అయిపోయింది. భువనేశ్వర్ వైపు చూడాలా, విశాఖ వెళ్లిపోవాలా, సూరత్‌లో బావ దగ్గర చేరిపోవాలా?" బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం తెలుగు ఇళ్లలో పదేపదే వినబడే ప్రశ్న ఇది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినా పరీక్ష ఎప్పుడో చెప్పలేం. ప్రైవేటులో చేరితే ఆర్నెల్లకి కాంట్రాక్టర్ మారిపోతాడు.

ఇలాంటప్పుడు అందరూ "నాకేది ఇష్టం?" అని మొదలుపెడతారు. సరిహద్దులో అలా మొదలుపెడితే దెబ్బతింటారు. ఇష్టపడి ఏడాది చదివాక, దరఖాస్తు రోజున "ఈ రాష్ట్రంలో మీరు అర్హులు కారు" అని తేలడం ఇక్కడ మామూలే. కాబట్టి ముందు డబ్బు, తర్వాత కాగితాలు, ఆ తర్వాత భాష. ఇష్టాయిష్టాలు నాలుగోది. ఈ వరుస మార్చకండి.

కావలసినవి:

- 100 పేజీల నోటుబుక్కు ఒకటి
- కాగితాలకు ప్లాస్టిక్ ఫైలు ఒకటి
- పదో తరగతి మెమో అసలు ప్రతి (జిరాక్స్ చాలదు, ఎందుకో కింద ఉంది)
- ఇంట్లో డబ్బు సంగతి తెలిసిన ఒకరితో గంట సేపు

## 1. ముందు నెలలు లెక్కపెట్టండి

మీరు సంపాదన లేకుండా ఎన్ని నెలలు ఉండగలరు? ఇది అంచనా వేసి చెప్పేది కాదు, కాగితం మీద వేయాల్సిన లెక్క.

ఉదాహరణకు చేతిలో 48,000 రూపాయలు ఉన్నాయనుకోండి. ఇంట్లోనే ఉంటే తిండికి ఇచ్చేది 2,500, ఫోన్ 300, పరీక్ష ఫీజులు, ప్రయాణాలు 1,200. నెలకి 4,000. అంటే 12 నెలలు. అదే డబ్బుతో విశాఖ హాస్టల్‌కి వెళితే గదీ భోజనం 6,000, పైఖర్చులు 2,000. అప్పుడు 6 నెలలే. అందులోంచి కోచింగ్‌కి 15,000 కట్టేస్తే మిగిలేది నాలుగు నెలల చిల్లర. నోటిఫికేషన్ నుంచి ఫలితం దాకా ఏడాది దాటిపోయే పరీక్షకి నాలుగు నెలల డబ్బుతో బయల్దేరామన్నమాట. సగం దారిలో తిరిగొచ్చేసేవాళ్లలో చాలామందికి తెలివి తక్కువై కాదు, ఈ లెక్క వేయక.

లెక్క తేలాక:

- 6 నెలలకు తక్కువైతే: ముందు వేళలు నిలకడగా ఉండే పని చూసుకోండి, చదువు దాని పక్కన. రాత్రి షిఫ్టులు మారుతుండే పనిలో పరీక్ష చదువు సాగదు.
- 6 నుంచి 12 అయితే: ఒక పరీక్ష, ఒక చేతిపని. మూడోది వద్దు.
- 12 దాటి, అప్పు లేకపోతే: పూర్తికాలం చదువు పెట్టుకోవచ్చు.

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే. బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బునీ, ఇంకా పాడుకోని చిట్టీనీ చేతిలో ఉన్నట్టు రాసేస్తారు. చిట్టీ చేతికొచ్చాకే డబ్బు. తాకట్టు డబ్బయితే నెల వడ్డీని ఖర్చులో కలపండి.

## 2. ఫైలు: పేరు ఒక్కటిగా ఉందా?

ఈ అంకం మీద రెండున్నర వారాలు పెట్టండి. విసుగు పుట్టించే పనే, కానీ మిగతా అన్నిటికీ ఇదే పునాది.

ఒడిశాలో తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరుతో. మనకి ఇంటిపేరు ముందు, అక్కడ చివర. బడిలో చేర్చుకునేటప్పుడు తండ్రి పేరు "వెంకటరావు" అని చెబితే, రాసేవారు "రావు"నే ఇంటిపేరు అనుకొని కొడుకుని "రవికుమార్ రావు" చేసేస్తారు. భూమి రికార్డులో తాతగారి పేరు అసలు ఇంటిపేరుతో ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఇక కుల ధృవపత్రానికి దరఖాస్తు చేసినప్పుడు విచారణకి వచ్చిన ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఈ మూడు పేర్లూ ఒకే ఇంటివని ఎలా నమ్మాలి?

పరిష్కారం ఇలా:

ఒకటి. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం అక్షరం నోటుబుక్కులో రాయండి. నియామకాల్లో దాన్నే మూలంగా చూస్తారు. అసలు ప్రతి చూడమన్నది అందుకే, జిరాక్స్‌లో ఒక్కోసారి అక్షరం చెరిగిపోతుంది.

రెండు. ఆధార్, బ్యాంకు ఖాతా, పాన్ ఈ మూడింటినీ దానికి సరిపోయేలా మార్చండి. మెమోను ఆధార్‌కి సరిపోయేలా మార్చాలని చూడకండి, బోర్డు చుట్టూ తిరగడంతోనే ఏడాది గడిచిపోతుంది.

మూడు. తండ్రి పేరు రెండు రకాలుగా ఉంటే "ఇద్దరూ ఒకరే" అని నోటరీ అఫిడవిట్ తీసుకోండి. అన్నిచోట్లా చెల్లకపోవచ్చు గానీ విచారణలో మీ మాటకి ఆధారం అవుతుంది.

నాలుగు. నివాస, కుల, ఆదాయ ధృవపత్రాలకు ఈ-డిస్ట్రిక్ట్ ఒడిశా పోర్టల్‌లో, లేదా దగ్గర్లోని జనసేవా కేంద్రంలో దరఖాస్తు పెట్టండి. తహసీల్ కార్యాలయం నుంచి వస్తాయి.

వెనుకబడిన తరగతుల వాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒడిశా ఉద్యోగాలకి ఎస్.ఇ.బి.సి. (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల) పత్రం, కేంద్ర ఉద్యోగాలకి ఓ.బి.సి. నాన్-క్రీమీలేయర్ పత్రం. రెండూ వేర్వేరు, ఒకటి పెట్టాల్సిన చోట రెండోది చెల్లదు.

కులాల జాబితా రాష్ట్రానికొకటి. శ్రీకాకుళంలో బి.సి. అయిన కులం ఒడిశా జాబితాలో లేకపోవచ్చు. ఎస్.సి., ఎస్.టి.ల విషయంలో కూడా, వలస వెళ్లిన రాష్ట్రంలో సొంత రాష్ట్రపు హోదాతో రిజర్వేషన్ అడగలేరని 1990లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. "మా చుట్టాలకి అక్కడ వచ్చింది" అన్న మాట మీద దరఖాస్తులో గడి నింపకండి. నెగ్గాక ధృవపత్రాల పరిశీలనలో పోతే ఆ బాధ ఇంకా పెద్దది.

## 3. ఏ గేటు తెరిచి ఉంది, ఏది మూసి ఉంది

ఇప్పుడు మెమోలో భాషల వరుస చూడండి. తెలుగు ఉందా, ఒడియా ఉందా, రెండూ ఉన్నాయా? మీ దారి సగం ఆ రెండు గళ్లలోనే ఉంది.

ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలు. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, దానికి రుజువూ ఉండాలి. ఏడో తరగతి లేదా ఆ పైన ఒడియా ఒక భాషగా పాసవడం, పదో తరగతిలో భాషేతర సబ్జెక్టు ఒడియా మాధ్యమంలో రాయడం, లేదా విద్యాశాఖ తరఫున జరిగే ఎం.ఇ. (మిడిల్ స్కూలు) స్థాయి ఒడియా పరీక్ష పాసవడం: వీటిలో ఒకటి ఉంటే చాలు. పర్లాకిమిడిలో ఇల్లుండి, పాతపట్నం వైపు బడిలో చదువుకున్న పిల్లలు దొరికిపోయేది ఇక్కడే. బజారులో ఒడియా గడగడా మాట్లాడతారు, చేతిలో కాగితం ఉండదు. అలాంటివాళ్లు నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ఆ భాషా పరీక్ష సంగతి జిల్లా విద్యాధికారి కార్యాలయంలో ఇప్పుడే కనుక్కోవాలి.

ఆంధ్రా ఉద్యోగాలు, సీట్లు. అక్కడ మాతృభాషని బట్టి స్థానికత రాదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారు, ఎక్కడ ఉన్నారు అన్నదే ప్రధానం. ఇచ్ఛాపురంలో ఇంటర్ రెండేళ్లు చదివినంత మాత్రాన స్థానికులు కారు. కాలేజీ ప్రవేశాల్లో 85 శాతం స్థానికులకి పోతుంది. తక్కిన 15 శాతంలోకి కూడా అందరూ రాలేరు, దానికీ షరతులున్నాయి. ప్రతి నోటిఫికేషన్‌లో స్థానికత పేరా ఒకటి ఉంటుంది, జీతం పేరా కంటే ముందు అది చదవండి.

కేంద్ర ఉద్యోగాలు. ఇక్కడే సరిహద్దు వాళ్లకి ఊపిరాడేది. రైల్వే పరీక్షలు తెలుగులోనూ ఒడియాలోనూ రాయవచ్చు. ఎస్.ఎస్.సి. (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) జరిపే కానిస్టేబుల్ జీడీ (కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్), ఎం.టి.ఎస్. (ఆఫీసు సహాయకులు) పరీక్షలు కూడా అంతే.

రెండు భాషలున్నవాళ్లకి ఇంకో లాభం ఉంది. బ్యాంకు క్లర్కు పోస్టుకి ఏ రాష్ట్రానికి దరఖాస్తు చేస్తే ఆ రాష్ట్ర భాష రావాలి. పోస్టాఫీసు గ్రామీణ డాక్ సేవక్‌కి పదో తరగతి దాకా స్థానిక భాష చదివి ఉండాలి. అందులో పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులతోనే ఎంపిక. మెమోలో తెలుగు, ఒడియా రెండూ ఉంటే ఆంధ్రా, ఒడిశా సర్కిళ్లలో ఏది అనుకూలమో చూసి ఎంచుకోవచ్చు. టీచరు వృత్తి అనుకునేవాళ్లకి ఓటెట్ (ఒడిశా టీచర్ అర్హత పరీక్ష)లో మొదటి భాషగా తెలుగు తీసుకునే వీలుంది.

ఒక హెచ్చరిక. ఇంట్లో తెలుగే మాట్లాడినా చదవడం రానివాళ్లు మన జిల్లాల్లో ఎక్కువే. బ్యాంకు భాషా పరీక్షలో పేరా ఇచ్చి చదవమంటారు. రోజుకి అరగంట పేపరు పైకి చదివి, ఐదు వాక్యాలు రాస్తే రెండు నెలల్లో గట్టెక్కవచ్చు.

## 4. "ఇష్టాలు" వద్దు, చేసిన పనులు రాయండి

గత రెండేళ్లలో మీరు నిజంగా చేసిన 20 పనులు రాయండి. చిన్నవైనా సరే. మావయ్య కొట్లో జీఎస్టీ బిల్లులు కొట్టడం, పెళ్లికి 200 మంది భోజనాల సరుకు జాబితా వేయడం, మోటారు చుట్టించడానికి తీసుకెళ్లి పక్కన నిలబడి చూడడం, ఆసుపత్రిలో పక్క బెడ్డు వాళ్లకి ఒడియా నుంచి తెలుగులో చెప్పడం.

ప్రతిదాని పక్కన రెండు గుర్తులు పెట్టండి: "మళ్లీ చేయమంటే చేస్తాను", "దీనికి ఎవరో డబ్బిస్తారు". రెండు గుర్తులూ పడినవి మూడో నాలుగో తేలతాయి. అవే మీ జాబితా. "కంప్యూటర్ అంటే ఆసక్తి" లాంటి వాక్యాలు కొట్టేయండి, వాటితో ఏమీ తేలదు.

టైపింగ్, డేటా ఎంట్రీ ఒక్కటే మీ జాబితాలో ఉంటే జాగ్రత్త. ఉత్త కాపీ పని ఏఐ వల్ల తగ్గుతోంది. అదే టైపింగ్‌కి రెండు భాషలో, ట్యాలీలో ఖాతాలో తోడైతే నిలబడుతుంది. "ఏఐ కోర్సు" అని వేలల్లో కట్టమనేవాళ్ల దగ్గరికి వెళ్లకముందు కేంద్ర ప్రభుత్వపు "స్వయం" పోర్టల్‌లో ఉచితంగా ఉన్న ఒక్క కోర్సు పూర్తి చేసి చూడండి. ఉచితమైనదే పూర్తి చేయలేకపోతే డబ్బు కట్టింది మాత్రం పూర్తవుతుందా?

## 5. చేతిపని దారి: అప్రెంటిస్‌షిప్

పరీక్షల గురించి చెప్పేవాళ్లు ఊరికి పదిమంది. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ, అందుకే కాస్త విపులంగా.

మన పక్కనే పెద్ద పరిశ్రమలున్నాయి. దామన్‌జోడిలో నాల్కో (అల్యూమినియం), సునాబెడలో హెచ్.ఏ.ఎల్. (విమాన ఇంజన్లు), జేకేపూర్‌లో కాగితం మిల్లు, టికిరి దగ్గర ఉత్కళ్ అల్యూమినా, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, చత్రపురంలో ఐ.ఆర్.ఇ.ఎల్. (ఇసుక ఖనిజాలు). ఇలాంటి చోట్ల పనికొచ్చేవి ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి ట్రేడులు. ఒడిశాలో ఐటీఐ ప్రవేశాలు సామ్స్ పోర్టల్ ద్వారా జరుగుతాయి. బరంపురం ప్రభుత్వ ఐటీఐ ఆ దారిలోనే వస్తుంది.

వరుస ఇది:

1. ఐటీఐ పూర్తయ్యాక అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు. పేరు ఆధార్‌తో కలవాలి. రెండో అంకం పని ఇక్కడ అక్కరకొస్తుంది.
2. చేరేటప్పుడు అప్రెంటిస్ ఒప్పందం ఎవరితోనో చూడండి. ఫ్యాక్టరీతోనా, లోపల పని చేయించే కాంట్రాక్టర్‌తోనా? ఒప్పంద పత్రం చూపించకుండా "ముందు వచ్చి చేరు" అంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు, చవక కూలి.
3. ఒప్పందంలో ట్రేడు పేరు, కాలం, స్టైపెండ్ మూడూ ఉండాలి. స్టైపెండ్ బ్యాంకు ఖాతాలో పడాలి.
4. చివర జాతీయ అప్రెంటిస్ పరీక్ష రాసి ధృవపత్రం తీసుకోండి. ఏడాది పని చేసి, ఈ పరీక్ష రాయకుండా వచ్చేసేవాళ్లు ఉన్నారు. పండించిన పంట కళ్లంలో వదిలేసినట్టే.

రైల్వేలో అప్రెంటిస్ ఎంపికకి రాతపరీక్ష ఉండదు, పదో తరగతి, ఐటీఐ మార్కులే. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకి లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. తూర్పు కోస్తా రైల్వే కింద రాయగడ డివిజన్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. దాన్ని చూసి "ఇక ఊళ్లోనే ఉద్యోగాలు" అనుకోకండి. డివిజన్ ఎక్కడ పెట్టినా రైల్వే నియామకాలకి దేశంలో ఎవరైనా పోటీపడవచ్చు.

## 6. డబ్బు కట్టకముందు మూడు వారాల పరీక్ష

తేలిన రెండు దారుల్ని మూడు వారాలు చేసి చూడండి. కోచింగ్, హాస్టల్, టూల్ కిట్ ఏదీ అప్పటిదాకా వద్దు.

రాతపరీక్ష అయితే: పాత ప్రశ్నపత్రం, గడియారం పెట్టుకొని. రైల్వే ఎన్.టి.పి.సి. (నాన్-టెక్నికల్ పోస్టుల పరీక్ష) మొదటి దశ 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకి మూడో వంతు కోత. వారానికి రెండు చొప్పున ఆరు పేపర్లు రాసి మార్కులు వరుసగా వేయండి. 70 రాసి 45 ఒప్పు, 25 తప్పు అయితే వచ్చేది 36.67. అందులో 15 గుడ్డిగా పెట్టినవై, మూడే తగిలాయనుకోండి. అవి వదిలేసుంటే 42 ఒప్పు, 13 తప్పు, మొత్తం 37.67 వచ్చేది. కష్టపడి పదిహేను గళ్లు నింపి మార్కు పోగొట్టుకున్నట్టు. చూడాల్సింది మొదటి మార్కు కాదు, ఆరో పేపరుకి ఎంత పెరిగిందన్నది.

కానిస్టేబుల్ జీడీ అయితే: పుస్తకం కొనేలోపు ఎత్తు కొలుచుకోండి. సాధారణంగా మగవాళ్లకి 170 సెం.మీ., ఆడవాళ్లకి 157. ఎస్.టి.లకి 162.5, 150. వయసు 18 నుంచి 23, రిజర్వేషన్‌ని బట్టి సడలింపు. పరుగు మగవాళ్లకి 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు, ఆడవాళ్లకి 8½ నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు. ఎత్తు గోడకి చెప్పుల్లేకుండా, మడమలు ఆనించి, తల మీద పుస్తకం పెట్టి ఇంకొకరు కొలవాలి. 168 వచ్చి రిజర్వేషన్ సడలింపు లేకపోతే ఆ దారి అక్కడితో వదిలేయండి, ఆర్నెల్ల పరుగు మిగులుతుంది.

చేతిపని అయితే: తెలిసిన వర్క్‌షాపులో ఆరు రోజులు, పొద్దుట తెరిచినప్పటి నుంచి మూసేదాకా. కూలి అడగకండి. ఆరో రోజు సాయంత్రం కూడా "ఇది ఎలా విప్పారు?" అని అడగాలనిపిస్తే పని మీది.

సొంత వ్యాపారం అయితే: షాపు అడ్వాన్సు ఇవ్వకుండా రెండు సంతలు సరుకు అమ్మి, రవాణాతో సహా లెక్క రాయండి. మిగిలింది మీ రోజు కూలి కంటే తక్కువైతే సరుకు మార్చాలి, లేదా సంత మార్చాలి.

## 7. బయటికి వెళ్లమనే పిలుపు వస్తే

దాదన్ సర్దార్ (వలస కూలీలని తీసుకెళ్లే దళారి) ముందే అడ్వాన్సు ఇస్తున్నాడంటే అది జీతం కాదు, అప్పు. ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, నెలకెంత, తిరుగు ఛార్జీ ఎవరిది అన్న నాలుగూ కాగితం మీద లేకుండా బండి ఎక్కకండి.

విదేశం అయితే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు లైసెన్సు చూడండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగల సేవారుసుం 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. "టూరిస్టు వీసా మీద వెళ్లండి, అక్కడ మారుస్తాం" అంటే వెంటనే ఆపేయండి. కంబోడియాలో డేటా ఎంట్రీ అని చెప్పి సైబర్ మోసాల గుంపులకి మనుషుల్ని అప్పజెప్పిన ఉదంతం 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఆన్‌లైన్‌లో "రిజిస్ట్రేషన్ ఫీజు" కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు దాటిపోకముందు చెబితేనే ఆపే వీలు.

## 8. ఇంట్లో చెప్పే పద్ధతి

"నాకు కొంచెం టైమివ్వండి నాన్నా" అంటే ఏ తండ్రికైనా కోపమే వస్తుంది, ఎంత టైమో చెప్పలేదు కదా. ఇలా చెప్పి చూడండి:

"నాన్నా, నా దగ్గర పది నెలల డబ్బుంది. రైల్వే పరీక్ష ఒకటి, ఎలక్ట్రికల్ పని ఒకటి పెట్టుకున్నాను. దసరా నాటికి వరుసగా మూడు పేపర్లలో పోయినసారి కటాఫ్‌కి పది మార్కుల దగ్గరికి రాకపోతే పరీక్ష ఆపేసి పనిలో చేరిపోతాను. ఇదిగో, తేదీ రాసి పెట్టాను."

ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టినా సరే, అందరికీ కనబడాలి. ఆపే తేదీ ముందే రాసుకోకపోతే "ఇంకొక్క అటెంప్ట్" అంటూ వయసు పరిమితి దాటిపోతుంది.

ఆడపిల్లలకి ఇంకో వరుస కలపండి: పరీక్ష కేంద్రం ఏ ఊళ్లో, రాత్రి ఎవరింట్లో ఉంటాం, తోడు ఎవరు. ఇది ముందే తేలితే ఇంట్లో సగం వాదన తగ్గుతుంది. హాల్ టికెట్ వచ్చాక చూద్దామంటే కటక్‌లో సెంటర్ పడ్డ రోజున పరీక్షే మానేయాల్సి వస్తుంది.

## 9. తొంభై రోజుల పట్టిక

- 1–7 రోజులు: నెలల లెక్క, పదో తరగతి మెమో వివరాలు రాసుకోవడం
- 8–25: ఆధార్, బ్యాంకు, పాన్ సవరణ, నివాస, కుల పత్రాలకు దరఖాస్తు
- 26–30: భాషల గేట్లు చూడడం, 20 పనుల జాబితా
- 31–52: రెండు దారుల పరీక్ష
- 53–60: ఇంట్లో మాట, ఆపే తేదీ
- 61–90: ఎంచుకున్న దారిలో పూర్తి పని, ప్రతి ఆదివారం ఖర్చు, మార్కులు ఒకే పేజీలో

ధృవపత్రం ఆగిపోతే పట్టిక ఆపకండి. దరఖాస్తు నంబరు నోటుబుక్కులో రాసుకొని, పదిహేను రోజులకోసారి ఆర్.ఐ. కార్యాలయంలో అదే నంబరు చూపించి అడగండి. నంబరు లేకుండా వెళితే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

91వ రోజున మొదటి పేజీ తీసి, నెలల లెక్క మళ్లీ వేయండి. పన్నెండు అనుకున్నది మూడు నెలలు పోను తొమ్మిది ఉండాలి; ఎనిమిదే ఉంటే, నెలకి 4,000 అని రాసిన అంకె ఎక్కడో తప్పింది. ముందు అది వెతకండి, సాధారణంగా "ప్రయాణాలు" అన్న గడిలోనే దొరుకుతుంది.